ఆరు డబ్బాల కూర

రాజవ్వకు వంటలో లెక్క చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, ఆమే అనేది. కోనరావుపేట చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ వాడకట్టుల్లో నలభై ఏళ్ళుగా ఏ లగ్గం జరిగినా పొయ్యి దగ్గర ఆమె ఉండాల్సిందే. "ఎంతమంది?" అని ఒక్క మాట అడుగుతుంది. ఆ తర్వాత ఉప్పు సంగతి పిడికిలికి తెలుసు, కారం సంగతి దోసిలికి తెలుసు, నూనె సంగతి కంటికి తెలుసు. ఎవరైనా పక్కన నిలబడి "అంతెందుకు, ఇంత చాలదా" అన్నారంటే చేతిలో ఉన్న తెడ్డు వాళ్ళ వైపు తిరుగుతుంది.

అట్లాంటి రాజవ్వకు ఒక్క లోటు ఉండిపోయింది. ఊరందరి పెళ్ళిళ్ళకూ వండింది గాని తన ఇంటి పెళ్ళికి వండలేదు. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు సుదర్శన్. వాడి లగ్గంనాడు "పెండ్లికొడుకు తల్లివి, పొయ్యికాడ నీకేం పని" అని తీసుకుపోయి పీట మీద కూర్చోబెట్టారు. పక్కూరి నుంచి వచ్చిన వంటామె పప్పులో ఒకసారి ఉప్పు వేసి, ఎవరితోనో ముచ్చట పెట్టి, మళ్ళీ ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది. రాజవ్వ అది కళ్ళారా చూసింది. పసుపు చేతులతో లేవకూడదు, అరవకూడదు. ఇరవై మూడేళ్ళయినా ఆ పప్పు ఇంకా ఆమె నాలుక మీద ఉప్పగానే ఉంది.

ఇప్పుడు మనవరాలు రవళికి సంబంధం కుదిరింది. పిల్లవాడు సాయికుమార్‌ది కోరుట్ల. లగ్గం మాఘమాసంలో. పిల్ల తల్లికి పీట ఉంటుంది, తండ్రికి ఉంటుంది, బాపమ్మకు ఏ పీటా లేదు. కాబట్టి ఈ పెళ్ళి పొయ్యి తనదేనని రాజవ్వ సంబంధం మాట మొదలైన రోజునే నిశ్చయించుకుంది. సుదర్శన్ మాత్రం వేరే లోకంలో ఉన్నాడు. సిరిసిల్లలో అతను సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే చోట ఎవరో జగిత్యాల కేటరింగ్ వాళ్ళ ఫొటోలు ఫోన్లో చూపించారు. అప్పటి నుంచి అతని మనసు అక్కడే చిక్కుకుంది.

"నెత్తికి టోపీలు పెట్టుకోని వడ్డిస్తరు అవ్వా," అన్నాడు.

"వచ్చినోళ్ళు టోపీలు తింటరా, బువ్వ తింటరా?"

వారం రోజులు ఇదే గొడవ. చివరికి తల్లీకొడుకుల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. లగ్గానికి ముందు శ్రావణంలో పూలు పండ్లు ఉంది. నిశ్చితార్థాన్ని అక్కడ అట్లాగే అంటారు. ఇంటి ముందరే, అరవై మందితో. శ్రావణం కాబట్టి నీసు ముట్టరు, అంతా కూరగాయల వంటే.

"గా అరవై మందికి నువ్వే వండు. మంచిగైతే లగ్గానికి గూడ నువ్వే. ఎక్కువ తక్కువైందంటే మల్ల నన్ను అనద్దు, కేటరింగే," అన్నాడు సుదర్శన్.

రాజవ్వకు నవ్వొచ్చింది. అరవై మంది కూడా ఒక లెక్కేనా.

ఇక్కడ కోడలు సరిత తెచ్చిన పెట్టె సంగతి చెప్పాలి. సరిత బట్టలు కుడుతుంది. పోయిన చలికాలం ఫోన్లో వీడియోలు చూసి చూసి, కుట్టుమిషను మీద వచ్చిన డబ్బులతో ఒక కరెంటు పెట్టె తెప్పించింది. లోపల ఆరు జల్లెళ్ళు, వెనక ఒక ఫ్యాను. కూరగాయలు సన్నగా తరిగి పరిచి బటన్ నొక్కితే వేడిగాలి తిరిగి తిరిగి, తెల్లారేసరికి గలగలలాడే ఒరుగులు తయారవుతాయి. రాజవ్వ మొదటిరోజు దాన్ని చూసి, "సూర్యభగవంతుడు పుక్యానికి ఇచ్చే ఎండను కరెంటు బిల్లు గట్టి కొంటున్నవా," అంది. రెండోరోజు దూరం నుంచి చూసింది. మూడోరోజు కోడలు కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి అట్లా బయటికి పోగానే, ఇట్లా ఒక జామకాయ కోసి లోపల పెట్టింది.

నాలుగో రోజు నుంచి ఆ పెట్టెకు తీరిక లేదు. వంకాయ, టమాట, చిక్కుడు, గోకరకాయ, పుంటికూర, కరివేపాకు, ఆఖరికి నిమ్మతొక్కలు. "ఎండపెట్టె" అని పేరు కూడా రాజవ్వే పెట్టింది. పొద్దున లేచి మొహం కడగకముందే జల్లెళ్ళు లాగి ముక్కలు విరిచి చూసుకునేది. ఫట్టుమని విరిగితే ఆ రోజంతా ఇంట్లో పండగే. ఎండాకాలంలో మామిడిపండు ముక్కలు ఎండినరోజు వంటింట్లో ఒక్కతే నిలబడి సగం జల్లెడ తినేసి, ఎలుకలు తిన్నాయని చెప్పింది. ఇంటాయన మొండయ్య తడిసిన బీడీకట్ట తీసుకొచ్చి అందులో పెట్టబోయినప్పుడు మాత్రం అత్తాకోడళ్ళు ఒక్కటై ఆయన మీదికి లేచారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

అయినా పెద్ద వంటలకు డాబా మీద తాను ఎండలో పెట్టుకున్న ఒరుగులే ఒరుగులని ఆమె నమ్మకం. ఎండపెట్టెవి మాత్రం ఇంటి వంటకి, పప్పులో గుప్పెడు, పులుసులో గుప్పెడు. కాని ఈ ఏడు ఎండాకాలం నడుమ వచ్చిన వాన డాబా మీది ఒరుగులన్నింటికీ బూజు పట్టించింది. మిగిలినవల్లా సరిత అటక మీద దాచిన ఆరు డబ్బాలు. వంకాయ, టమాట, చిక్కుడు కలిపి పోసి, మూతలు గట్టిగా బిగించినవి.

పూలు పండ్ల నాటికి మూడు రోజుల నుంచి ఒకటే ముసురు. ముందురోజు సుదర్శన్ కూరగాయల కోసం పోయి, తడిసిన ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. మార్కెట్టుకు బండ్లే రాలేదట. ఉన్న నాలుగు వంకాయలూ పుచ్చులేనట. "కేటరింగాయనకు ఫోన్ చేస్త," అని జేబులో చెయ్యి పెట్టాడు. ఈ ఒక్క ఫోన్‌తో మాఘమాసం పొయ్యి కూడా తన చేతిలోంచి పోతుందని రాజవ్వకు తెలుసు.

"ఆగు కొడుకా. ఎండపెట్టె కూరలున్నయి గదా. ఆరు డబ్బాలున్నయి."

తెల్లారి సరిత డబ్బాలు దించి అత్త ముందు పెట్టింది. రవళిని ముస్తాబు చేయడానికి పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "అత్తమ్మా, అరవై మందికి రెండు డబ్బాలు సాలు. వేడినీళ్ళల్ల గంటసేపు నానబెట్టు."

"నాకు లెక్క చెప్తున్నవా?"

"నీకెందుకు చెప్త. డబ్బాలకు చెప్తున్న," అని సరిత నవ్వుకుంటూ పోయింది.

రాజవ్వ రెండు డబ్బాలు బగోనలో పోసి చూసింది. అడుగు కూడా నిండలేదు. ఇక్కడే ఆమెను ఆమె అనుభవం ముంచింది. ఒరుగులంటే ఏంటో తెలియని మనిషైతే కోడలు చెప్పినట్టు చేసి ఊరుకునేది. రాజవ్వకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒరుగులు తెలుసు. ఉప్పు రాసి, మండుటెండలో నాలుగు రోజులు మాడ్చిన ఒరుగు ఎంత నానబెట్టినా కొంచెం మెత్తబడుతుంది, అంతే. ఎండపెట్టెలో సన్నని వేడికి ఆరిన ముక్క అట్లా కాదు, నీళ్ళు తాగిన కొద్దీ ఒళ్ళు చేస్తుంది. గుప్పెళ్ళతో వేసినన్నాళ్ళూ ఆ సంగతి ఆమె కంట పడలేదు. "పిసినారి పోరి," అనుకుని మూడో డబ్బా వంచింది. నాలుగోది వంచింది. మిగిలిన రెండూ ఒంటరిగా ఎందుకని వాటినీ వంచేసింది. నీళ్ళు కాచి పోసి, మూత పెట్టి, పప్పు పనిలో పడింది.

కాసేపటికి ఖంగుమని మూత కింద పడింది. పిల్లి కాబోలనుకుని కర్ర పట్టుకుని వచ్చింది. పిల్లి లేదు. బగోన అంచు మీదుగా వంకాయ ముక్కలు తొంగి చూస్తున్నాయి.

సగం తీసి బకెట్లో వేసింది. రెండింటిలోనూ నీళ్ళు తక్కువ కనిపిస్తే పాపం దప్పికతో ఉన్నాయనుకుని ఇంకో చెంబెడు పోసింది. కాసేపటికి బకెట్టూ నిండింది. అందులోంచి తీసి, రవళి కోసం కొన్న కొత్త ఇత్తడి గంగాళంలో వేసింది. గంగాళమూ పొంగడం మొదలుపెట్టింది. చిక్కుడు గింజలు ఇప్పుడే కోసినట్టు ఉబ్బాయి, టమాటలు ఎర్రగా విచ్చుకున్నాయి. ఇంకో సమయంలో అయితే చూడముచ్చటగా ఉండేది. ఇప్పుడు మాత్రం రెండు వందల మందికి సరిపోయే కూర కళ్ళ ముందు ఉంది. ఎక్కువ తక్కువైతే కేటరింగే అన్నాడు కొడుకు.

టెంట్ హౌస్ షౌకత్ వాకిట్లో షామియానా మీద నిలిచిన నీళ్ళను కర్రతో తోస్తున్నాడు. రాజవ్వ కిటికీలోంచి చెయ్యి ఊపి పిలిచింది.

"షౌకతూ, ఇంకో రెండు పెద్ద బగోనలు తే కొడుకా. సప్పుడు చెయ్యకు."

"అరవై మందే అన్నరు గదా పెద్దమ్మా?"

"అరవై మందే. కడుపులే జర పెద్దయి."

షౌకత్ ఇంకేమీ అడగలేదు. పెళ్ళిళ్ళకు సామాన్లు ఇచ్చేవాడికి ఎక్కడ నోరు మూసుకోవాలో బాగా తెలుసు.

పారబోస్తే పాపం, దాస్తే సాయంత్రానికి పులుస్తుంది. వండటం తప్ప దారి లేదు. ఇంటి వెనక రేకుల కింద మూడు పొయ్యిలు అంటించింది. నూనె కాగాక ఎండిన కరివేపాకు వేస్తే చిటపటమంది. వెల్లుల్లి, కారం, వేయించి దంచిన నువ్వులు, పైన గుప్పెడు ఎండు మామిడి పొడి. భయంతో వండుతోందో, పంతంతో వండుతోందో ఆమెకే తెలియదు గాని, ఆ ముసురులో వాసన వాడకట్టంతా పాకింది. మూడిళ్ళ అవతల మొండయ్య పేకముక్కలు కింద పెట్టి లేచాడు.

సరిత తిరిగొచ్చి చూసింది. మూడు బగోనలు, పొయ్యిల మధ్య నెరిసిన జుట్టు రేగిన అత్త.

"ఎన్ని డబ్బాలేసినవ్ అత్తమ్మా?"

రాజవ్వ ఒక చేతి వేళ్ళు ఐదూ చూపింది. కొంచెం ఆగి రెండో చేతిది ఒక వేలు చూపింది.

సరిత అక్కడే, తడి నేల మీద, కొత్త చీరతో కూలబడింది. ఏడుస్తుందేమోనని రాజవ్వ వంగి చూస్తే నవ్వుతోంది. శబ్దం బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. రాజవ్వకు ముందు కోపం వచ్చింది, తర్వాత మూతి వంకర పోయింది, తర్వాత ఆపుకోలేక పొయ్యి గట్టు పట్టుకుని తానూ నవ్వింది. ఇద్దరికీ కళ్ళ వెంబడి నీళ్ళు కారాయి.

"నీ మొగనికి చెప్పకు బిడ్డా," అంది రాజవ్వ చివరికి. కోడలిని ఆమె బిడ్డా అని పిలవడం ఎప్పుడూ లేదు.

"నేను చెప్పుడెందుకు, కూరనే చెప్తది," అని సరిత లేచి, రెండు బగోనల మీద తాడిపత్రి పట్టా కప్పి, దాని మీద నాలుగు ఇటుకలు కూడా పెట్టింది.

ముందుంది ముసళ్ళ పండగ. పదకొండు కొట్టేసరికి సుదర్శన్ ఫోన్ చెవిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఊరి అవతల వాగు రోడ్డెక్కింది. ఎల్లారెడ్డిపేట చుట్టాలు ముప్పై మంది వాగు అవతలే ఆగిపోయారు, ఇక రారు. కోరుట్ల వాళ్ళది ఇటు దారే కాబట్టి వస్తున్నారు. "అరవై గాదు అవ్వా, ముప్పై మందే ఇగ. కూర మిగులుతదేమో," అన్నాడు.

సరిత గోడ వైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు అదురుతున్నాయి. రాజవ్వ తేలు కుట్టిన దొంగలా తెడ్డు తిప్పుతూనే ఉంది. సుదర్శన్‌కు అప్పుడు తాడిపత్రి కనిపించింది. తాడిపత్రి కింద నుంచి ఆవిరి వస్తోంది. ఇటుకలు తీసి అంచు ఎత్తి చూశాడు. రెండోదీ ఎత్తి చూశాడు.

"గిదేంది అవ్వా?"

రాజవ్వది నలభై ఏళ్ళ చెయ్యి, ఒక్క పొద్దుతో పోయింది. మాఘమాసంలో టోపీలు పెట్టుకున్నవాళ్ళు తన వాకిట్లో తిరుగుతుంటే, తాను ఇంకోసారి ఏ మూలనో కూర్చుని ఎవరి ఉప్పో చూస్తూ ఉండాలి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది.

అంతలో వాకిట్లో వ్యాను ఆగింది. కోరుట్ల వాళ్ళు దిగారు. అందరికంటే ముందు దిగింది సాయికుమార్ బాపమ్మ సాయవ్వ. ఎనభై ఏళ్ళ మనిషి, చేతికర్ర, గొంతు మాత్రం మైకు. షామియానా కింద కూర్చోమంటే కూర్చోలేదు, నేరుగా పొయ్యిల దగ్గరికే వచ్చింది.

"వదినె, నా పాణం మంచిగ లేదు," అంది. "మీ ఊరి కమాను కాడ రెండు బస్సులు, ఒక ట్రాక్టరు నిండ నాటుకూలోళ్ళు. పొద్దటిసంది వాగు దిగుతదేమోనని ఆగున్నరు. సంటి పిల్లలు గూడ ఉన్నరు. వాళ్ళ ముంగట నుంచి మేము దావతుకని వస్తిమి. గీ బువ్వ నాకు మింగుడు వడదు."

రాజవ్వ కొడుకు వైపు చూసింది. కొడుకు బగోనల వైపు చూశాడు. రాజవ్వ తెడ్డును నేలకు ఆనించి, నడుము నిటారుగా చేసింది.

"గందుకే గదా వదినె, రెండు వందల మందికి వండిన," అంది. "మూడు దినాల ముసురు. వాగు ఊకుంటదా?"

అబద్ధం ఆడటానికి కూడా చెయ్యి తిరగాలి. రాజవ్వకు నోటితో కూడా చెయ్యి తిరిగినట్టే ఉంది.

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పడం కష్టం, అంతా ఒకేసారి జరిగింది. బియ్యం బస్తా విప్పారు. షౌకత్ తన ట్రాలీ ఆటోతో కమాను దాకా ఐదు సార్లు తిరిగాడు. అరవై మంది కోసం వేసిన షామియానా కింద నూట డెబ్బై మంది చేరారు. పట్టనివాళ్ళు పక్కిళ్ళ అరుగుల మీద కూర్చున్నారు. కండక్టరు విజిల్ ఊది వరసలు సరిచేశాడు. రెండో విజిల్‌కు కూర, మూడో విజిల్‌కు పచ్చిపులుసు. డ్రైవరు ప్రభుదాస్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి తినడం మొదలుపెట్టాడు, రెండోసారి కూర వేయించుకున్నాక మళ్ళీ ప్రార్థన చేశాడు. పిల్లలకు ఎండిన మామిడిపండు ముక్కలు పంచితే వాళ్ళు బస్సు ఎక్కమన్నా ఎక్కమని పేచీ పెట్టారు. నాటుకూలీ ఆడవాళ్ళు ఊరికే తిని పోతారా, రవళిని నడుమ కూర్చోబెట్టి నాట్ల పాట పెళ్ళిపాటగా మార్చి పాడారు. బస్సులో గాజుల మూట పెట్టుకుని వస్తున్న ఒకామె మూట విప్పి రవళి రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు తొడిగింది. తానెవరో తెలియని నూట డెబ్బై మంది అక్షింతలు వేస్తుంటే రవళి నవ్వు ఆపుకోలేకపోయింది, పక్కనున్న సాయికుమార్ నెత్తి మీద బియ్యం కుప్ప పడింది.

సాయవ్వ మూడుసార్లు కూర వేయించుకుంది. మూడోసారి ఒక చిక్కుడు గింజను వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది.

"గీ వానకాలంల చిక్కుడుకాయ ఏడ దొరికింది వదినె?"

"చలికాలంల దొరికింది," అంది రాజవ్వ. "నా కోడలు దాసిపెట్టింది."

సరిత వడ్డిస్తున్న గంటె గాల్లోనే ఆగింది.

వాగు తగ్గి బస్సులు కదిలేసరికి పొద్దు వాలింది. బగోనలు మూడూ ఖాళీ. అడుగంటింది గీక్కోవడానికి మొండయ్య ఒక్కడే మిగిలాడు. సాయవ్వ వ్యాను ఎక్కబోతూ సుదర్శన్‌ను పిలిచింది.

"లగ్గం వంట ఎవలు జేస్తున్నరు?"

సుదర్శన్ తల్లి వైపు చూశాడు. మసి అంటిన మొహం, తడిసిన కొంగు, తెడ్డు ఇంకా చేతిలోనే ఉంది. "మా అవ్వనే," అన్నాడు.

రాజవ్వకు కళ్ళు నిండాయి. పొగ అని చెప్పి తుడుచుకుంది. పొయ్యిలు ఆరిపోయి గంటయిందని ఎవరూ అనలేదు.

వ్యాను పోయాక సుదర్శన్ కాగితం, పెన్ను తెచ్చుకుని తల్లి ముందు కూర్చున్నాడు. "లగ్గానికి ఎనిమిది వందల మంది అవ్వా. ఎండపెట్టె కూరలు ఎన్ని కావాలె? ఇప్పటిసంది మొదలువెడితె గని కావు."

"నాకు లెక్క..." అని అలవాటుగా మొదలుపెట్టింది రాజవ్వ. ఆగింది. నలభై ఏళ్ళలో మొదటిసారి తెడ్డు పక్కన పెట్టి కోడలి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు బిడ్డా. ఎన్ని డబ్బాలు?"

సరిత వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఇరవై ఏడు అత్తమ్మా. ఇరవై ఏడంటే ఇరవై ఏడే."

"ఇరవై ఏడే," అని బుద్ధిగా ఒప్పుకుంది రాజవ్వ. తర్వాత కాగితం వైపు వంగి, కొడుకు చెవిలో చెప్పింది. "పక్కపొంటి ఒక పిడికెడు ఎక్కువ రాయి కొడుకా. వాగును నమ్మద్దు."

"మాఘంల వాగు ఏడిది అవ్వా?" అన్నాడు సుదర్శన్.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ నవ్వు మొదలైంది, ఈసారి కొంగులు అడ్డం పెట్టుకోలేదు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక సుదర్శన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తానూ నవ్వుతూ, కాగితం మీద ఇరవై ఎనిమిది అని రాశాడు.